తాడు పట్టాల్సినవాడు

నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ఇంగ్లీషు లెక్చరర్ని. సొంతూరు ఆళ్ళగడ్డ. మా రెండో సంవత్సరం పుస్తకంలో నవాహోల మీద ఒక పాఠం ఉంది. అమెరికాలో ఎర్రమట్టి కొండల మధ్య గొర్రెలు కాసుకుంటూ, మొక్కజొన్న పండించుకుంటూ, మగ్గం మీద కంబళ్ళు నేసుకుంటూ బతికే తెగ అది. ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి ఆ పాఠం నాకు కంఠతా వచ్చేసింది. వాళ్ళ ఇల్లు దుంగలతోనూ మట్టితోనూ గుండ్రంగా కడతారని, వాకిలి ఎప్పుడూ తూర్పు వైపే పెడతారని చెబుతూ బోర్డు మీద బొమ్మ గీసేవాణ్ణి. సైన్యం వచ్చి వాళ్ళ చేలు తగలబెట్టి, పండ్ల తోటలు నరికేసి, ముసలీ ముతకా పిల్లా జెల్లా అందర్నీ వందల మైళ్ళు నడిపించుకుపోయి ఎక్కడో బీడు భూమిలో పడేసిందని, నాలుగేళ్ళ తర్వాత వాళ్ళు మళ్ళీ తమ కొండలకే తిరిగి వచ్చారని చెప్పేటప్పుడు నా గొంతు వణికేది. వణికించేవాణ్ణి అంటే సరిగ్గా ఉంటుంది. పిల్లలకు నచ్చేది, నాకూ నచ్చేది.

మా కాలేజీ మేడ ఎక్కితే తూర్పున నల్లమల కొండలు కనబడతాయి. ఎండాకాలం పొద్దున్నే చూస్తే బూడిద రంగులో, వాన పడ్డాక నల్లగా, రోజూ కళ్ళెదుటే ఉంటాయి. ఆ కొండల్లో చెంచులుంటారని నాకు తెలీదా అంటే తెలుసు. ఆళ్ళగడ్డలో పెరిగినవాడికి అహోబిలం దారిలో చెంచులు కనబడకుండా ఎలా ఉంటారు? తేనె డబ్బాలు, చింతపండు మూటలు పట్టుకుని బస్టాండు దగ్గర కూర్చునేవాళ్ళు. చూసేవాణ్ణి, పక్కకు తప్పుకుని పోయేవాణ్ణి. నవాహోల వాకిలి ఎటు ఉంటుందో చెప్పగలను గానీ చెంచుల వాకిలి ఎటు ఉంటుందని అడిగితే నోరు తెరిచి నిలబడాల్సిందే. చదువుకున్న మొహం నాది.

ఇంకో సంగతి కూడా ఆ పాఠంలోదే. నవాహోలు చనిపోయినవాళ్ళ పేరు పైకి పలకరట. పలికితే వాళ్ళను పిలిచినట్టవుతుందని భయం. ఆ మాట చెప్పినప్పుడు పిల్లలు ఎప్పుడూ నవ్వేవాళ్ళు, నేనూ వాళ్ళతో పాటు నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఇది రాస్తుంటే ఆ పేరు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఒక్క పేరు దాచి మిగతావి రాస్తే ఏం బాగుంటుంది? అందుకని ఎవరి పేరూ రాయను.

ఒక ఏడాది నా క్లాసులో ఒక చెంచు అమ్మాయి చేరింది. అహోబిలం పైన కొండల్లో గూడెం వాళ్ళది. ఆ గూడెం నుంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. హాస్టల్లో ఉండేది, కిటికీ పక్కన కూర్చునేది, ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఆ రోజు పాఠంలో నవాహోల ఇళ్ళలో తల్లి వైపు వాళ్ళదే పెత్తనం, గొర్రెలు కూడా ఆడవాళ్ళవే, తల్లి తోడబుట్టినవాడి మాటకు చాలా విలువ ఉంటుంది అని చెబుతున్నాను. ఆ పిల్ల లేచి నిలబడింది.

"మాలో గూడ అంతే సార్. మా నాయన తేనెకు కొండ దిగితే మా మామే తాడు పట్టుకుంటాండె. ఇంకెవురూ పట్టుకోగూడదు."

క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఎవడో "మరి మీ నాయన తెగ బరువు తగ్గించుకోవాలబ్బా" అన్నాడు. నాకు ఒళ్ళు మండి వాణ్ణి బయటికి పంపించాను. కానీ నిజం చెప్పాలంటే ఆ మాట నాకు అప్పటికి కొత్త. తాడేంది, మామేంది అని క్లాసయ్యాక ఆ పిల్లను వివరంగా అడిగాను. "మీరే వచ్చి చూడండి సార్" అంది.

వెళ్ళాను. అంత ఉత్సాహం నాకు ఎక్కడినుంచి వచ్చిందో! ఆదివారం పొద్దున్నే ఆళ్ళగడ్డ బస్సెక్కి, అక్కడినుంచి అహోబిలం, ఆ తర్వాత ఆ అమ్మాయి వెనకాల కొండదారిన నడక. రొప్పుతూ రోజుతూ గూడెం చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పది పన్నెండు ఇళ్ళు. వాళ్ళ అమ్మానాయనా ఎప్పుడో పోయారు. అక్క, అక్క మొగుడు, వాళ్ళ పిల్లలు, ఆ పక్క గుడిసెలో అన్న. ఈ అన్న అక్కకంటే చిన్నవాడు, ఆమెకు తమ్ముడు. సన్నటి మనిషి, చేతులు మాత్రం పొడవు, నరాలు తేలి ఉంటాయి. మాట అడిగితే ఒకటి చెప్పి ఊరుకుంటాడు. బావ దీనికి పూర్తిగా ఎదురు. పొట్టివాడు, నవ్వుమొహం, నోరు మూతపడదు.

బావ నన్ను కొండ అంచుకు తీసుకుపోయి చూపించాడు. కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి. నిలువునా రాయి. నడుమ ఎక్కడో రాతి కడుపు కింద నల్లగా, మంచమంత వెడల్పున తేనెతుట్టె వేలాడుతోంది. ఈగలు దానిమీద దుప్పటి కప్పినట్టు ముసిరి ఉన్నాయి. అడవి తీగలు పేనిన తాడు ఒకటి ఇంట్లో వాసానికి చుట్టి పెట్టుకున్నారు. ఆ తాడుకు కాళ్ళు పెట్టుకునేలా ముడులు వేసి, ఒక కొసను చెట్టుకు కట్టి, మనిషి పొగ పట్టుకుని దిగుతాడు. చెట్టుకు కడితే చాలదు, పైన ఒకడు తాడు పట్టుకుని ఉండాలి. కింద మనిషి కదిలిందీ ఆగిందీ చేతికి తెలియాలి. గాలికి తాడు రాతికి రాసుకుంటే ఎడం చెయ్యాలి. ఈగలు పైకి లేచి వచ్చి మొహం మీద కుట్టినా చేతులు కదలకూడదు. ఆ ఒకడు ఎవరంటే, దిగినవాడి భార్యకు తోడబుట్టినవాడు.

"ఎందుకట్ల? నీకు సొంతన్న ఉండాడు గదా" అన్నాను. బావకు ఒక అన్న ఉన్నాడు, అదే గూడెంలో.

బావ నవ్వాడు గానీ జవాబు అక్క చెప్పింది. "సొంతన్న పట్టుకోగూడదు సార్. అన్నదమ్ములన్నాక పంచుకునేది ఉంటాది, మనసులో ఏముంటాదో ఎవురికెరుక? మా తమ్మునికైతే మల్ల నా మొగం చూసేది ఉంటాది."

"అందుకే సార్, ఈమెను నేను గట్టిగా ఒక మాట గూడ అన్ను. బామ్మర్ది పైన తాడు పట్టుకోనుంటాడు గదా" అన్నాడు బావ. అందరం నవ్వాం. "మాకు దేవుడు గూడ బావే సార్. ఆ నరసింహస్వామి మా చెంచు పిల్లనే చేసుకున్న్యాడు. ఆయప్ప తేనెకు దిగినా మావోళ్ళే పట్టుకోవాల తాడు!" అక్క కూడా మొహం దాచుకుని నవ్వింది.

"మరి బామ్మర్ది ఊర్లో లేకపోతే?" అని అడిగాను.

"లేకుంటే ఆ దినం తేనె లేదు. అంతే" అన్నాడు బావ.

నేను ఆ మాటలన్నీ డైరీలో రాసుకున్నాను. కిందికి దిగేటప్పుడు నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. అది మెరవకపోయి ఉంటే ఎంత బాగుండేది! మా కాలేజీలో వార్షికోత్సవం దగ్గర పడుతోంది. ఎప్పుడూ అవే సినిమా పాటల డాన్సులు. ఈసారి చెంచుల జీవితం చూపిస్తే? ఆ అక్క తమ్ముణ్ణి పిలిపించి, విల్లంబులు, తాడు తెప్పించి, ఈ ఆచారం స్టేజీ మీద చూపిస్తే? ప్రిన్సిపాల్ కూడా ఎగిరి గంతేశాడు. జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి ముఖ్య అతిథి, ఆయనకు ఇట్లాంటివంటే ఇష్టమట. మరుసటి ఆదివారం మళ్ళీ గూడెం ఎక్కి అడిగితే తమ్ముడు రానన్నాడు. చెల్లెలి కాలేజీ అనేసరికి ఒప్పుకున్నాడు. ఇంకా నేను ఊరుకోకుండా ఒక మాట అన్నాను, అందరి ముందే, బావ వింటుండగా: "కాలేజీలో వాచ్‌మన్ ఉద్యోగం ఒకటి ఖాళీ ఉంది, అది కూడా చూద్దాంలేప్పా." ఆ ఉద్యోగం నా చేతిలో లేదు. ఎవర్నీ అడగనూ లేదు. ఊరికే నోటికొచ్చింది, అన్నాను.

కార్యక్రమం మంగళవారం. తమ్ముడు సోమవారం సాయంత్రానికి భుజాన దీనికోసమే కొత్తగా పేనిన తాడు చుట్ట, చేతిలో విల్లుతో మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ అన్నం పెడితే తలొంచుకుని తిన్నాడు. మంగళవారం పొద్దున షామియానా వేశారు, కుర్చీలు వేశారు, పదకొండింటికి ఫోనొచ్చింది. ముఖ్య అతిథికి మీటింగ్ తగిలింది, గురువారం వస్తారు. ప్రిన్సిపాల్ షామియానా వాడితో గొడవపడుతున్నాడు. నేను ఎవరిమీద పడాలో తెలీక అటెండర్ మీద పడ్డాను.

తమ్ముడు వరండాలో నిలబడి ఉన్నాడు. నా దగ్గరికి వచ్చాడు.

"నేను పోయొస్తా సార్. తుట్టె మాగింది. ఇంగ నాలుగు దినాలు పోతే ఈగలే తాగేస్తాయి. బావ ఎదురుచూస్తాంటాడు."

"గురువారం అయిపోగానే పోదువులేప్పా. మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి ఎందుకు? రెండు దినాలేగా."

"బావకు కబురు జేయాల సార్. నేను రాలేదని ఏమన్నా అనుకుంటాడు."

గూడెంలో ఫోన్ పలకదు. ఆళ్ళగడ్డ బస్టాండు పక్కన ఒక సాయిబు అంగడి ఉంది. గూడెం వాళ్ళ తేనె, కుంకుడుకాయలు కొనేది ఆయనే. ఆయనకు ఫోన్ చేస్తే, గూడెం నుంచి ఎవరు దిగితే వాళ్ళతో మాట పంపిస్తాడు. వాళ్ళకు ఎప్పుడూ అంతే. ఆయన నంబరు నా దగ్గర ఉంది, ఆదివారమే రాసుకున్నాను. "నేను చెప్పిస్తాలేప్పా, నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాను. అతని చెల్లెలు హాస్టల్ నుంచి వచ్చి "బావకు చెప్పినారా అన్నా?" అని అడిగితే "సార్ చెప్తానన్న్యాడు" అన్నాడు. ఆ పిల్ల ఇంకేం అడగలేదు. సార్ చెప్తానన్నాక ఇంకేముంది?

సార్ చెప్పలేదు. సార్‌కు గుర్తులేదు. ఫోన్ తీశాను, ఇంతలో పూలదండల వాడు వచ్చాడు, ఆ తర్వాత శాలువాలు సరిపోవని ఎవరో అన్నారు, ఆ తర్వాత ఆహ్వానపత్రంలో తేదీ మార్చాలన్నారు. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఒక నిమిషం పని. ఒక్క నిమిషం. మంగళవారం పోయింది, బుధవారం పోయింది, ఒక్కసారి కూడా నాకు ఆ మాట మతికి రాలేదు. బుధవారం సాయంత్రం తమ్ముడు మా మేడ మీద నిలబడి కొండల వైపు చూస్తుంటే, "ఏందప్పా, ఇంటి మీద బెంగా?" అని వేళాకోళం కూడా చేశాను. "ఏం ల్యా సార్" అన్నాడు.

గురువారం బ్రహ్మాండంగా జరిగింది. మొదటి అంతస్తు పిట్టగోడ మీదుగా తాడు వదిలి, మా ఫిజికల్ డైరెక్టర్ నడుముకు కట్టారు. ఆయన ఒడ్డూ పొడుగూ చూసి పిల్లలు ముందే ఈలలు మొదలుపెట్టారు. తమ్ముడు పైన గోడకు కాలు తన్ని నిలబడి, తాడును వీపు వెనకగా తిప్పి పట్టుకున్నాడు. కింద మనిషి ఊగుతుంటే పైన అతని చేతులు ఇంచుమించు కదల్లేదు. నేను మైకులో చెబుతున్నాను. బావమరిది అంటే ఏమిటో, సొంత అన్నకు కూడా ఇవ్వని నమ్మకం ఇతనికి ఎందుకు ఇస్తారో, నవాహోల్లో తల్లి సోదరుడికి ఎంత గౌరవమో అన్నీ కలిపి, గొంతు వణికించి మరీ చెప్పాను. ముఖ్య అతిథి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. తమ్ముడికి శాలువా కప్పారు. అతను దాన్ని ఎలా పట్టుకోవాలో తెలీక రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకున్నాడు.

భోజనాల దగ్గర నా ఫోన్ మోగింది. అంగడి సాయిబు.

"సార్, మీ కాడ గూడెం పిల్లోడు ఉండాడంటనే? వాళ్ళ బావ కొండమీంచి పడిపోయినాడు సార్. ఆళ్ళగడ్డ ఆసుపత్రికి మోసకొచ్చినారు. ఈడ కాదన్న్యారు, నంద్యాలకు అంబులెన్సులో తెస్తాండారు. బేగా చెప్పండి సార్ ఆ పిల్లోనికి."

నా చేతిలో విస్తరి ఉంది. నాకు అప్పుడు మతికి వచ్చింది. ఫోన్, నంబరు, మంగళవారం, వరండా, అన్నీ ఒక్కసారి వచ్చాయి. సాయిబు ఇంకా చెబుతున్నాడు. "పాపం వాళ్ళక్క మొన్న సాయంత్రం, నిన్న పొద్దంతా, రెండు దినాలు దిగొచ్చి అంగడికాడ కూచున్న్యాది సార్. మా తమ్మునికాడినుంచి కబురేమన్నా వచ్చిందా అన్నా అని. నేను రాలేదమ్మా అన్న్యా."

అప్పుడు ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. ఆ రెండు రోజులు బావ ఎదురుచూశాడు. కబురు లేదు. వాచ్‌మన్ ఉద్యోగం దొరికి ఉంటుంది, ఇంక వాడు రాడేమో, వాని బతుకు బాగుపడనీ అనుకున్నాడట. తుట్టె చూస్తే ఇంక ఆగేట్టు లేదు. అక్క వద్దంది. గురువారం పొద్దున సొంత అన్నను బతిమాలి తాడు పట్టించి దిగాడు. ఆ అన్నకు తాడు పట్టే అలవాటు లేదు, ఎప్పుడూ పట్టలేదు కదా. ఈగలు పైకి లేచాయి. మొహం మీద కమ్మేసరికి చేతులు పైకి లేపాడు, పట్టు తప్పిన తాడు ఊగి రాతి అంచుకు ఒరుసుకుని తెగింది. అంతే. కావాలని చేసింది కాదు. ఆ మనిషి మొహం వాచి కళ్ళు మూసుకుపోయి, బావను వీపున వేసుకుని కొండ దిగాడట.

పెద్దాసుపత్రి గేటు దగ్గర మేము ముగ్గురం నిలబడ్డాం. తమ్ముడు, చెల్లెలు, నేను. అతని భుజం మీద ఆ శాలువా ఇంకా ఉంది, తీసేయాలని అతనికి తోచలేదు, నాకూ తోచలేదు. అంబులెన్సు వచ్చింది. బావను దింపుతుంటే అక్క పట్టుకుని దిగింది. ఆమె చీర నిండా మట్టి. బావకు స్పృహ ఉంది. నడుము కింద ఏమీ తెలీడం లేదంటున్నాడు. తల వెనక గుడ్డ కట్టారు.

లోపల మంచం మీద పడుకోబెట్టాక బావ కళ్ళు తిప్పి తమ్ముణ్ణి చూశాడు.

"వచ్చినావా బామ్మర్దీ. బాగ జరిగిందా కాలేజీలో?"

"బాగ జరిగింది బావా."

"దుప్పటి గూడ కప్పినారే" అని నవ్వబోయాడు, కానీ నవ్వు రాలేదు.

అక్క తమ్ముడి ముందుకు వచ్చింది. ఏడుపు లేదు. గొంతు మాత్రం బొంగురుపోయింది. "రెండు దినాలు అంగడికాడ కూచున్న్యా రా. ఒక్క మాట చెప్పి పంపలేకపోతివా? వస్తాండా, ఆగండి అని ఒక్క మాట?"

చెల్లెలు నా వైపు చూసింది. నోరు తెరిచింది. తమ్ముడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నొక్కాడు. గట్టిగా నొక్కాడు, ఆ పిల్ల వేళ్ళు తెల్లబడడం నేను చూశాను.

"మర్సిపోయినా అక్కా" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. మంచానికి ఇటు పక్క, చేతికందేంత దూరంలో. మర్చిపోయింది నేనమ్మా అనడానికి ఎంతసేపు పడుతుంది? పొద్దున మైకు పట్టుకుని అరగంట మాట్లాడినవాణ్ణి. అక్క చెయ్యెత్తి తమ్ముణ్ణి చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. అతను తల తిప్పలేదు. నర్సు వచ్చి బయటికి పొమ్మని కేకలేసింది.

డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు, ప్యాంటూ చొక్కా వేసుకున్నవాణ్ణి నేనే కాబట్టి. వెన్నుపూస, లోపల రక్తస్రావం, ఇక్కడ కుదరదు, కర్నూలు తీసుకుపొమ్మన్నాడు. ఆయన చేయాల్సిందంతా చేశాడు. నేను అవునవునని తలూపాను. ఇంకో అంబులెన్సు మాట్లాడాను, ఎవరెవరికో ఫోన్లు చేశాను, ఆ ముఖ్య అతిథికి కూడా చేశాను, ఆయన పీఏ ఎత్తి సార్ మీటింగులో ఉన్నారన్నాడు. ఆ రోజు నేను చేసినన్ని ఫోన్లు నా జన్మలో చేయలేదు. ఒక్కటి చేయాల్సిన రోజు చేయలేదు.

నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక అక్కా తమ్ముడూ. చెల్లెల్ని హాస్టల్లో దింపాం, రానివ్వలేదు. పాణ్యం దాటాక వెనకనుంచి అక్క గొంతు వినబడింది. మొదట మామూలుగా పిలిచింది, ఆ తర్వాత గట్టిగా పిలిచింది, ఆ తర్వాత ఇంక పిలవడం ఆపలేదు. డ్రైవరు అద్దంలోంచి చూసి బండి వేగం తగ్గించాడు. "పోనీ, పోనీ" అని నేను అతని మీద అరిచాను. అతను పాపం మళ్ళీ వేగం పెంచాడు, నాకోసమే పెంచాడు. కర్నూలు దాకా సైరను మోగుతూనే ఉంది.

పోస్టుమార్టం వద్దని అక్క బతిమాలింది. కొయ్యొద్దు సార్, ఉన్నట్టే ఇచ్చేయండి అని నా కాళ్ళు పట్టుకోబోయింది. పడిపోయి చనిపోతే తప్పదు, అది రూలు. నేను వాళ్ళనూ వీళ్ళనూ అడిగి, చివరికి ఆమె దగ్గరికే వచ్చి తప్పదమ్మా అని చెప్పాను. అంతకంటే నాకు చేతనైంది ఏమీ లేదు.

ఆ తర్వాత నెలన్నర నాకు సరిగ్గా నిద్ర లేదు, తిండి సయించలేదు. ఎదుటివాళ్ళకు చెబితే "ఎంత పెద్ద కార్యక్రమం, అన్ని పనుల్లో మర్చిపోవడం మామూలే సార్" అన్నారు. ప్రిన్సిపాల్ అయితే "తాడు వాళ్ళన్న వదిలాడు గానీ మీరు వదిలారా?" అన్నాడు. అదీ నిజమే అనుకోబోయాను. బావకు అన్న అయిన ఆ మనిషి గూడెంలో ఎవరితోనూ మాట్లాడడం లేదని, ఎవరూ అతనితో మాట్లాడడం లేదని చెల్లెలి హాస్టల్ స్నేహితురాలు చెప్పింది. చెల్లెలు మాత్రం క్లాసుకు వస్తోంది, కిటికీ పక్కనే కూర్చుంటోంది, ఏమీ అడగడం లేదు. నేనూ ఆ వైపు చూడకుండా పాఠం చెప్పడం నేర్చుకున్నాను. ఇంక లాభం లేదు, వెళ్ళి అక్కకు నిజం చెప్పేద్దాం, తిట్టనీ, కొట్టనీ, ఊసెయ్యనీ అని ఒక శనివారం బయల్దేరాను.

కొండదారి మొదట్లోనే తమ్ముడు ఎదురయ్యాడు. గడ్డలు తవ్వే గునపం చేతిలో ఉంది. నన్ను చూడగానే ఎందుకొచ్చానో అర్థమైంది.

"చెప్పొద్దు సార్."

"చెప్పాలప్పా. నిన్ను ఆమె అంటున్నదంతా నన్ను అనాల్సింది."

"అదే సార్ నేను చెప్తాండేది. మిమ్మల్ని తిట్టనీకి మా అక్కకు నోరు రాదు. పెద్దోళ్ళు మీరు. చెల్లెలు మీ కాడ చదువుతాండాది. మీరని తెలిస్తే మనసులోనే పెట్టుకోని కుములుతాది. నన్నైతే పొద్దుగాలనుంచి తిట్టుకుంటాది. అన్నం పెట్టేటప్పుడు తిడతాది, నీళ్ళు తెచ్చేటప్పుడు తిడతాది. తిట్టి తిట్టి రవ్వంత తింటాది." గునపం మొన నేలకు ఆనించాడు. "తిట్టనీండి సార్. ఆ మాత్రం ఉండనీండి దానికి."

దిగిపోదామనుకున్నాను, కానీ పైనుంచి పిల్లలు చూసి "సార్ వచ్చినాడు" అని అరిచారు. ఇంక తప్పలేదు.

అక్క గుడిసె ముందు ఉంది. సన్నబడిపోయింది. నన్ను చూసి లోపలినుంచి చాప తెచ్చి, దులిపి, నీడలో వేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ఇంత దూరం మాకోసరం ఎక్కొచ్చినారు సార్. ఆ దినం గూడ మీరే మొత్తం తిరిగినారు. తోడబుట్టినోడు చేయనిది మీరు చేసినారు" అంది. తమ్ముడు కాస్త ఎడంగా నేల చూస్తూ కూర్చున్నాడు. ఆమె అతని వైపు తిరిగింది. "మతిమరుపు ముండాకొడుకు! ఒక్క మాట, ఒకే ఒక్క మాట" అని మొదలుపెట్టింది. చాలాసేపు తిట్టింది. అతను వింటూ కూర్చున్నాడు. చివరికి అలిసిపోయి, కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూసింది.

"చదువుకున్నోళ్ళు గదా సార్. మీరన్నా వానికి గుర్తుచేసింటే అయిపోతుండె."

"అవునమ్మా" అన్నాను.

చెంబు ఖాళీ అయిందని చూసి ఆమె లోపలికి వెళ్ళి నాకు మళ్ళీ నీళ్ళు తెచ్చింది.